పెరటి కోళ్ల స్వభావము : బళ్లారి సీమ పుంజులు, పెట్టపిల్లలు

బళ్లారి మండలము రెండు భాషల కూడలి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. మిగిలిన మండలము మైసూరు రాష్ట్రమున కలిసినది. నాటినుండి ఈ సీమలోని తెలుగువారిలో పెక్కుమంది ఇంట తెలుగును, బడిలోను కచేరీలోను కన్నడమును పలుకుచు వచ్చిరి. ఈ సీమ నాటకమును గూర్చి, కవులను గూర్చి పెద్దలు పలువురు వ్రాసియున్నారు. నేనిప్పు డెత్తుకొన్న విషయము అంత గంభీరమైనదిగా తోపకపోవచ్చును. ఇంటి పెరటిలో తిరుగు పుంజు, పెట్ట, గ్రుడ్డుకు రానున్న పెట్టపిల్ల, వీని గుణమును నడవడిని గూర్చినది ఈ వ్యాసము.

అయినను ఇందొక నష్టమును గూర్చిన విచారము గలదు. మనిషిపై దూకినదని పుంజును కోయుదురు. కూత కూసినదని పెట్టను అపశకునముగా నెంచి చంపుదురు. సంతనుండి తెచ్చిన పెట్టపిల్ల నెల గడచినను గ్రుడ్డు పెట్టలేదని మరల సంతకే తోలుదురు. వీనిలో పెక్కు కోడి దోషములు కావు. మనము దాని నడవడిని సరిగా గ్రహింపకపోవుటచే కలిగినవి. నష్టము మాత్రము ఆ ఇంటి ఇల్లాలిది. ఏలయన, పల్లెలలో గ్రుడ్ల పైకము సాధారణముగా ఆమె చేతి పైకము. కావున కోడి స్వభావమును తెలిసికొనుట వినోదము మాత్రమే కాదు.

పేర్లు చెప్పు సంగతి

ముందుగా మాటలను చూతము. తెలుగున ‘కోడి’, కన్నడమున ‘కోళి’. తెలుగున ‘పుంజు’, కన్నడమున ‘హుంజ’. పాలు ‘హాలు’ అయినట్లును, పులి ‘హులి’ అయినట్లును, పల్లె ‘హళ్లి’ అయినట్లును, మాట మొదటి పకారము కన్నడమున కాలక్రమమున హకారమైనది. తెలుగు ‘పెట్ట’కు కన్నడ ‘హేంటె’ తోబుట్టువు; ఆడుదానిని తెలుపు మన ‘పెంటి’ శబ్దమును ఈ కుటుంబములోనిదే. మనము నాటుకోడి యనుదానిని ఇక్కడి కన్నడిగులు ‘జవారి కోళి’ యందురు. రెండిండ్ల పెరడుల నడుమ గోడ యున్నను, మాటలకు మూలమొక్కటే.

ఈ పేర్లలో గమనింపదగిన భేద మొకటి గలదు. పుంజునకు మన భాషలో పేర్లు రంగునుబట్టి వచ్చినవి: డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల మున్నగునవి. పెట్టకు పేర్లు దాని దశనుబట్టి వచ్చినవి: పెట్టపిల్ల, గ్రుడ్ల పెట్ట, పొదుగు కోడి, పిల్లల కోడి. పుంజును పందెగాడు చూచినాడు. రంగునుబట్టి గెలుపోటములను లెక్కించినాడు. పెట్టను ఇల్లాలు చూచినది. దినదినము దాని నడవడిలోని మార్పును గమనించినది. మొదటివాని చూపు గ్రంథమున కెక్కినది. రెండవదాని చూపు నోటనే నిలిచినది.

పుంజునకు శాస్త్రము, పెట్టకు లేదు

తెలుగున ‘కుక్కుట శాస్త్ర’మను పేర ప్రచారములోనున్న గ్రంథము పందెపు పుంజుల రంగులు, వారములు, నక్షత్రములు, దిక్కులు చెప్పును. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపోరు ప్రసిద్ధము; ఒక పుంజు ఓటమివలన మలిదేవాదులు ఏడేండ్లు వలస పోవలసి వచ్చినది. క్రీడాభిరామమున ఓరుగల్లు వీథులలోని కోడిపందెము వర్ణింపబడినది. దండి దశకుమార చరితమునందును కోడిపోరు గలదు. దానిని కేతన 13వ శతాబ్దిలో తెనిగించెను. కన్నడమున జన్నకవి 1209లో రచించిన యశోధర చరితెలో పిండితో చేసిన కోడిని బలియిచ్చుటయే కథకు మూలము. విజయనగరమును 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, పణమునకు నగరమున మూడు కోళ్లు, వెలుపల నాలుగు వచ్చునని వెల వ్రాసికొన్నాడు. ఆ హంపీ మొన్నమొన్నటి వరకు బళ్లారి మండలములోనిదే; 2021లో విజయనగర మండలము వేరుపడినప్పుడు అందు చేరినది.

ఇన్నిట కోడి గలదు. కాని పోరునకో, బలికో, అంగడికో వచ్చిన కోడి. పెరటిలో తన తోడివానితో బ్రతుకు కోడి కానరాదు. పందెముల ప్రభావమున పుంజనగా పోరే దాని స్వభావమను భావము మనలో నాటుకొన్నది. జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చి, జంతువులను పోరునకు పురికొల్పుట నేరమైనను, ఆ భావము మాత్రము తొలగలేదు. పందెమునకై తరతరములుగా ఏరి పెంచిన అసీలు జాతి పుంజు గుణమును పెరటి పుంజునకు అంటగట్టుట సరికాదు.

పొడుచుటలోని వరుస

కోళ్ల సంఘమును గూర్చిన నవీన శాస్త్రము పందెపు బరిలో కాక, పెట్టల మందలో పుట్టినది. నార్వే దేశీయుడగు థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె బాల్యమునుండియు ఇంటి కోళ్లను చూచుచు, ఏ పెట్ట దేనిని పొడుచుచున్నదో వ్రాసిపెట్టుకొనెను. 1922లో ఆయన ప్రకటించిన వ్యాసమున తేలిన విషయమిది: మందలో పొడుచుట ఇష్టము వచ్చినట్లు జరుగదు. మొదటి పెట్ట అన్నిటిని పొడువగలదు. రెండవది మొదటిదానిని తప్ప తక్కినవానిని. ఇట్లు కడపటి పెట్ట అందరిచేత పొడిపించుకొనును గాని తాను ఎవ్వరిని పొడువదు. కొన్ని యెడల మూడు పెట్టలు ఒకదానిపై నొకటి చక్రముగా అధికారము చూపుటయు గలదు. దీనిని మనము ‘పొడుపు వరుస’ యని పిలువవచ్చును.

ఈ వరుస కలహము కాదు, కలహమునకు ముగింపు. ఎవరెవరికి తొలగవలెనో ఒకమారు తేలిన పిమ్మట, తలయెత్తి చూచుటయే చాలును. ముక్కునకు పని యుండదు. పుంజుపిల్లలలో ఏడెనిమిది వారముల వయసున, పెట్టపిల్లలలో మరికొంత ఆలస్యముగా ఈ వరుస ఏర్పడును. అమెరికాలో గూల్, ఆలీ అను శాస్త్రజ్ఞులు 1944లో ఒక పరీక్షను ప్రకటించిరి. కొన్ని మందలను కదపక ఉంచిరి. కొన్నిటిలో పాతవానిని తీసి క్రొత్తవానిని చేర్చుచు వచ్చిరి. కదపిన మందలలో పొడుపులు హెచ్చినవి, మేత తగ్గినది, గ్రుడ్లును తగ్గినవి.

సంతనుండి తెచ్చిన పెట్టపిల్ల సంగతి ఇప్పుడు తేటపడును. అది రాగానే వరుసలో దాని స్థానము కడపట. మేతకు పోయినచో పొడుపు, నీటికి పోయినచో పొడుపు. కడుపు నిండని పెట్ట గ్రుడ్డెట్లు పెట్టును? దానిని మరల అమ్మి వేరొకదానిని తెచ్చినచో, ఆ క్రొత్తదానికిని అదే గతి. పాతవానికిని మరల కలత. ఇట్లు ఏటేట మార్చుచు, “ఈ ఇంట కోళ్లు అచ్చిరావు” అనుకొనువారు కలరు. అచ్చిరానిది ఇల్లు కాదు, మాటిమాటికి చేసిన మార్పు.

మన అవ్వల పద్ధతి వేరు. క్రొత్త కోడిని తెచ్చిన కొన్ని దినములు కాలికి దారము కట్టి గుంజకు కట్టుదురు, లేదా గంప క్రింద కమ్ముదురు. తక్కిన కోళ్లు దానిని చూచుచుండును గాని పొడువజాలవు. పిదప చీకటిపడినాక దానిని గూటిలో తక్కినవాని ప్రక్కన చేర్చినచో మరింత మేలు. కోడికి చీకటిలో చూపు తక్కువ, రాత్రి కలహింపదు, తెల్లవారునప్పటికి కొంత అలవాటు పడియుండును. ఒంటరిగా ఒక్కదానిని గాక రెండు మూడింటిని కలిపి చేర్చుటయు మంచిది, పొడుపులు పంచుకొనబడును.

బళ్లారి ఎండ ఇందులకు మరియొక చిక్కు. వేసవిలో ఇక్కడ వేడి 40 డిగ్రీలను దాటును. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరచి రొప్పుచు, రెక్కలు విప్పి వేడిని తగ్గించుకొనును. అట్టి వేళ నీటిపాత్ర ఒక్కటియే యున్నచో, వరుసలో పైనున్న పెట్ట దానిని వదలదు. క్రిందిది దప్పితో నిలుచును. రెండు మూడు మూకుళ్లు దూరదూరముగా నీడపట్టున ఉంచినచో ఈ బాధ తీరును. ఖర్చు లేదు, సంగతి తెలిసియుండుటే కావలెను.

పుంజు చేయు పని

ఇక పుంజును చూతము. అది మేత చూచినప్పుడు వెంటనే మ్రింగక, క్రొక్కొక్కో యని పిలుచుచు గింజను ముక్కున నెత్తి క్రింద విడుచును. పెట్టలు వచ్చి తినును. ఆకాశమున గ్రద్ద తోచినచో సన్నని దీర్ఘస్వరమున నొక కేక వేయును. నేలమీద కుక్కయో ముంగిసయో వచ్చినచో వేరొక తీరున తెగతెంపులుగా అరచును. ఈ రెండు కూతలను యంత్రముతో వినిపించి 1993లో అమెరికాలో పరీక్షించిరి. శత్రువు కానరాకున్నను, మొదటి కూతకు పెట్టలు ముడుచుకొని పైకి చూచినవి. రెండవదానికి నిక్కి నిలిచి చుట్టు చూచినవి. కావున అది భయపు కేక మాత్రమే కాదు, అర్థము గల పిలుపు. పుంజు తన దగ్గర తోడికోడి యున్నప్పుడే ఈ హెచ్చరిక నెక్కువగా చేయుననియు తేలినది. వాని చమత్కారమునకు కొదువలేదు; పెట్ట దూరమున నున్నప్పుడు, గింజ లేకున్నను ఉన్నట్లు పిలుచుటయు గలదు.

“నా కోడీ, నా కుంపటీ లేకపోతే తెల్లవారదు” అనుకొన్న ముసలమ్మను మనమందర మెరుగుదుము. ఆమెకు సాటియైన అజ్జి కథ కన్నడమునను గలదు. ముసలమ్మ పొరబడినను కోడి పొరబడలేదు. జపానులో షిమ్మురా, యోషిమురా అను పండితులు 2013లో తెలిపినదేమన, మారని మసక వెలుతురు గల గదిలో ఉంచినను పుంజు తన లోని గడియారమునుబట్టి తెల్లవారు వేళకు ముందే కూయును. 2015లో వారే మరియొకటి కనుగొనిరి: పలు పుంజులు కలిసియున్నచోట వరుసలో మొదటిది ముందుగా కూయును, తక్కినవి వరుస తప్పక దాని వెనుక కూయును. మన పెద్దలు ‘తొలికోడి’ యన్నది వేళనుబట్టియే; కాని ఆ మాట పుంజు పదవికిని చక్కగా చెల్లినది.

మనిషిపై దూకు పుంజు మాటేమి? దూకుడునకు మూలము రక్తములోని ద్రవ్యమని 1849లోనే జర్మనీ దేశమున గోటింగెన్ నగర వైద్యుడు బెర్తోల్డ్ చూపెను. పుంజుపిల్లల వృషణములను తీసినచో జుట్టు పెరుగదు, కూత రాదు, పోరు లేదు. మరల కడుపులో నాటినచో అన్నియు వచ్చినవి. వయసు వచ్చుచున్న పుంజుపిల్లకు ఆ ద్రవ్యము పొంగు కాలమది. ఒక రెక్కను క్రిందికి దించి ప్రక్కగా అడుగులు వేయుచు అది మన చుట్టు తిరిగినచో, మనలను వరుసలో తనకు సాటిగా నెంచి పరీక్షించుచున్నదన్నమాట. ఆ వేళ తన్నినచో పోరునకు బదులిచ్చినట్లగును, పారిపోయినచో ఓడినట్లగును. కదలక నిలిచి, మేతగంపనో చేటనో అడ్డుపెట్టి, అది తొలగిన పిమ్మట మన పని చూచుకొనుట మేలు. పసిపిల్లలున్న ఇంట మాత్రము దానిని వేరుగా ఉంచవలెను. పుంజు గోరు, ముక్కు కంటికి ప్రమాదకరములు.

ఇంతకంటె ముఖ్యమైనది పుంజును ఎంచుకొనుట. 1960లో గూల్, ఆయన సహచరులు, దూకుడు గల కోళ్లను ఒక తెగగాను, నెమ్మది గల వానిని మరియొక తెగగాను పెంచి చూచిరి. కొలది తరములలోనే రెండు తెగల గుణము వేరైనది. కావున గుణము వంశమున దిగును. మనము సాధారణముగా చేయు పొరపాటు ఇందే కలదు. నెమ్మదియైన పుంజు సులభముగా చేతికి దొరకును. పండుగకు దానినే కోయుదుము. దొరకని పొగరుబోతు మిగిలి, తరువాతి పిల్లలకు తండ్రియగును. పండుగకు దేనిని కోయవలెనో ముందుగా నిర్ణయించుకొనుట పెరటి శాంతికి పునాది. సుమారు పది పెట్టలకు ఒక పుంజు చాలును. పుంజులు హెచ్చినచో పెట్టల వీపున ఈకలు రాలును. అందును క్రొత్తగా వయసు వచ్చిన పెట్టపిల్లలే ఎక్కువ బాధపడును.

పెట్టపిల్ల

నాటు పెట్టపిల్ల సామాన్యముగా ఆరు నెలలు దాటి గ్రుడ్డుకు వచ్చును. అంతకు ముందే దాని నడవడి మారును. జుట్టు ఎర్రబడును. మనిషి దగ్గరకు పోగానే రెక్కలు కొంచెము విప్పి నేలకు అణగి కూర్చుండును. చెయ్యి చాచినను కదలదు. ఇది రోగము కాదు, పుంజునకు లొంగు వయసు వచ్చినదను గుర్తు. మూలమూలలు వెదకును, గంపలో దూరును, సణుగుచున్నట్లు దీర్ఘముగా గొణుగును. ఆ దినములలో చీకటి మూలను కాస్త గడ్డి పరచిన గంపను చూపినచో అక్కడనే పెట్టును. లేనిచో పొరుగు దొడ్డిలో పెట్టును, కలహము మన రెండిండ్లకు వచ్చును. తొలి గ్రుడ్లు చిన్నవిగా నుండుట సహజము.

నాటు పెట్ట ఏడాదికి సుమారు 50, 60 గ్రుడ్లు మాత్రమే పెట్టును. పది పదిహేను పెట్టి పొదుగునకు కూర్చుండును. 21 దినములు, మేతకు నీటికి కొలది సేపు తప్ప లేవదు, చేరబోయినచో ఈకలు నిక్కించి పొడుచును. పిల్లలు దిగిన పిమ్మట అదే పెట్ట కుక్కనైనను ఎదిరించును. నిన్నటి పిరికిది నేటి వీరురాలగుట మెదడులోని గ్రంథి స్రవించు ద్రవ్యముల మార్పువలన. పిల్లలకు అది గురువు కూడ. 1996లో ఇంగ్లండున నికోల్, పోప్ అను వారు తల్లికోళ్లకు ఒక రంగు మేత మంచిదనియు మరియొకటి చేదనియు నేర్పి, పిల్లలకు రెండవ రంగు మేతను పెట్టిరి. తల్లులు అది చూచి పిలుపులు హెచ్చించి, నేలను పొడిచి గీకి, పిల్లలను మంచి మేతవైపు త్రిప్పజూచినవి.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారి గిరిరాజ, హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థ వారి వనరాజ మున్నగు పెరటి జాతులు వచ్చినవి. ఇవి నాటుకోటికంటె వేగముగా పెరుగును, గ్రుడ్లను ఎక్కువ పెట్టును. పొదుగుట మాత్రము తక్కువ. ఇవి పెంచువారు ఒకటి రెండు నాటు పెట్టలను విడువక ఉంచుకొనుట వివేకము. పొదుగుటకే కాదు, గ్రద్దనెరిగించి మేత చూపు తల్లి పిల్లలకు కావలెను గదా!

కడపట పెట్ట కూత సంగతి. పెట్టకు ఎడమవైపు అండాశయము మాత్రమే పనిచేయును. అది రోగమువలన చెడినచో, కుడివైపున అణగియున్న భాగము పెరిగి పురుష ద్రవ్యమును స్రవింపవచ్చును. అప్పుడు పెట్టకు జుట్టు పెరిగి కూత వచ్చును. పుంజు లేని మందలో వరుసకు మొదటిదైన పెట్ట కూయుటయు గలదు. ఇది శరీర ధర్మము. ఇంటికి వచ్చు కీడునకు దూత కాదు. ఆ పెట్ట గ్రుడ్డు పెట్టకపోవచ్చును. దానిని ఉంచుట, మానుట గృహస్థుల ఇష్టము. భయముతో మాత్రము చంపవలసిన పని లేదు.

ముగింపు

పై విషయములను కలిపి చూచినచో ఒక్క మాట తేలును. కోడి నడవడిలో మనకు పొగరుగా, పిరికితనముగా, మొండితనముగా తోచునది వరుసకును కాలమునకును కట్టుబడిన నియమము. ఆ నియమమును చెదరగొట్టినవారే నష్టపడుదురు. ఎరిగి నడచినవారికి పెరడు నెమ్మదిగా నుండును. నార్వే బాలుడు పుస్తకమున వ్రాసికొన్నదానిలో కొంత మన అవ్వలు గంప క్రింద, గూటి ప్రక్కన, చేతులతో ఆచరించిరి. వారు వ్రాయలేదు, వారిని అడిగి వ్రాసికొన్నవారును లేరు.

ఈ సీమలో ఇప్పుడు పిల్లలు కన్నడమున చదువుచున్నారు, అది యుక్తమే. వారికి ‘హుంజ’ తెలియును, ‘పుంజు’ను వినియుందురు. కాని గ్రుడ్డుకు వచ్చు పెట్టపిల్ల గొణుగుడును, పొదుగు కోడి పట్టుదలను, క్రొత్త కోడిని మందకు అలవాటు చేయు తీరును చెప్పగల ముసలమ్మలు ఏటేట తగ్గుచున్నారు. పందెగాని శాస్త్రము తాళపత్రములకెక్కి నిలిచినది. ఇల్లాలి శాస్త్రమును ఆమె నోట వినగా ఇప్పుడైనను వ్రాసికొనుట మన సంఘముల వారు చేయదగిన పని. ఈ సంచికను చదువువారు తమ ఇంటి అవ్వను ఒక సాయంకాలము కోళ్లను కమ్ము వేళ అడిగి, ఆమె చెప్పినదానిని తెలుగున గాని కన్నడమున గాని కాగితముపై పెట్టుదురేని, ఈ వ్యాసము వ్రాసినందుకు ఫలము దక్కినట్లే.